గాజు గుడ్డ

అందరూ మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోతున్న రోజుల్లో నేను మదురై పోయి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తెచ్చుకున్నాను. తోటి ఫొటోగ్రాఫర్లు నవ్వారు. నవ్వనీ. లోపల అద్దం లేచి పడే ఆ టక్కుమనే చప్పుడు చెవిన పడితే తప్ప, ఫొటో తీశానన్న తృప్తి నాకు కలగదు. కెమెరాతోపాటు ఎనభై అయిదు ఎంఎం లెన్సు, పెద్ద ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు, రెండు స్టాండ్లు కూడా తెచ్చాను. ఆ లెన్సులోంచి చూస్తే ఎదుటి ముఖం ఒక్కటే తేటగా నిలుస్తుంది. వెనకాల గోడా, తీగ మీది బట్టలూ, గ్యాస్ సిలిండరూ అన్నీ మెత్తగా కరిగిపోతాయి. మనిషిని తప్ప ఇంక దేన్నీ లెక్కచేయని ఆ చూపంటే నాకు ఎంత ముచ్చటో చెప్పలేను.

వ్యాపారం కోసం కొన్నానని ఇంట్లో చెప్పాను. నిజానికి మా అక్క కళ్ళ కోసం కొన్నాను.

మా అక్క ఇక్కడే రాజపాళయంలో ఒక బ్యాండేజ్ గుడ్డ యూనిట్లో పని చేస్తుంది. ఫొటోలో కళ్ళు మూయడంలో ఆమెకు సాటి లేరు. తాళి కట్టేటప్పుడు మూసింది, కొడుకు పుట్టినప్పుడు మూసింది. ఆధార్ కార్డు వాళ్ళు నాలుగుసార్లు తీసి, అయిదోసారి అరకన్నుతో సరిపెట్టుకున్నారు. ఇది తల్లి పోలిక. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో ఒక్కటి మిగిలింది. అందులో అమ్మ కళ్ళూ మూసే ఉన్నాయి.

మూడేళ్ళ కింద అక్క కొడుకు పెళ్ళి జరిగింది. మా ఊళ్ళో పెళ్ళంటే వీధి మొగలో ఫ్లెక్స్ కట్టాల్సిందే. ఫొటోలు ఇచ్చింది నేనే. అక్క కళ్ళు తెరిచింది ఒక్కటీ దొరకలేదు. చేతులు జోడించిన ఫొటో ఒకటి ఉంటే, కళ్ళు మూసినా దండం పెడుతున్నట్టుందిలే అని దాన్నే ఇచ్చేశాను. ఫ్లెక్స్ వాళ్ళు దాన్ని గుండ్రటి ఫ్రేములో పెట్టి, చుట్టూ పూలు వేశారు. మా వైపు మనిషి పోయినా ఇలాంటి ఫ్లెక్సే కడతారు, కన్నీర్ అంజలి అని తమిళంలో రాసి.

మా అమ్మకు అన్న వరసయ్యే పెద్దాయన ఒకడు సత్రపట్టిలో సేద్యం చేసుకుంటాడు. ఆయన టౌన్ బస్సు కిటికీలోంచి ఆ ఫ్లెక్స్ చూశాడు. తర్వాతి స్టాపులో దిగి, గులాబీ దండ కొని, కళ్ళు తుడుచుకుంటూ అక్క ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది అక్కే.

దండ చేతిలోంచి జారిపోయింది. "ఏమ్మా, నువ్వు పోలేదా?" అన్నాడు.

ఇల్లంతా పడీపడీ నవ్వింది. అక్క కూడా నవ్వి, ఆయనకు కాఫీ కలిపి ఇచ్చింది. ఆ తర్వాత మాత్రం నా కెమెరా కనబడితే చాలు, వంటింట్లోకి పోయేది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ సంగతి నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఈ ఏడు అక్క కూతురి పెళ్ళి కుదిరింది.

"ఈసారి ఫ్లెక్సులో నా పడం వద్దు. మీ నాయన పడం చాలు," అంది అక్క కూతురితో. పడమంటే మా వైపు ఫొటో.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "అమ్మ పడం లేకుంటే నాకు ఫ్లెక్సే వద్దు మామా. చూసినోళ్ళు ఏమనుకుంటారు, నేను తల్లి లేని పిల్లనా?"

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఫొటో వేసినా అక్క పోయినట్టే, వేయకపోయినా పోయినట్టే. తప్పు నాది, పైగా మేనమామను. అందుకే మదురై వెళ్ళాను.

ఆదివారం పొద్దున సామానంతా అక్క ఇంట్లో దించాను. కాస్త గర్వంగానే లెన్సు తీసి చూపించాను. "చూడక్కా, దీని లోపలంతా మంచి గాజు. ఫొటోకు ప్రాణం గాజే."

"గాజా? మా యూనిట్లో తాన్లు తాన్లుగా పడుంది, ఎంత కావాల?" అంది.

వాళ్ళు నేసే పల్చటి గుడ్డను గాజ్ అంటారు. అక్క నోట్లో అది ఎప్పుడో గాజు అయిపోయింది. నేను నవ్వేసి పని మొదలుపెట్టాను.

ఫ్లాష్ తనంతట తాను వెలుగు కొలుచుకునేటప్పుడు, అసలు మెరుపుకు ముందు ఒక చిన్న మెరుపు మెరుస్తుంది. చురుకైన రెప్పలు దానికే మూసుకుంటాయి. ఈ గుట్టు తెలుసు కాబట్టి ఆ ముందు మెరుపు రాకుండా వెలుగును చేత్తోనే సరిచేసి పెట్టాను. అయినా లాభం లేదు. నా వేలు కదిలితే చాలు, అక్క కళ్ళు మూసుకుపోతున్నాయి. అరవై ఫొటోలు తీశాను, అరవైలోనూ నిద్రే.

"ఒక్క సెకను తెరిచిపెట్టలేవా?" అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా వరస.

"నేను మూసేది లేదురా, అదే మూసుకుంటాది," అంది మెల్లగా. లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది. "విడిచిపెట్టు. ఇంగ చాలు."

సోమవారం సాయంత్రానికి ఫ్లెక్స్ వాళ్ళకు ఫొటో అందాలి. ఆ మధ్యాహ్నం, కోప్పడినందుకు సిగ్గుపడుతూ యూనిట్‌కు వెళ్ళాను. కెమెరా సంచి భుజాన అలవాటుగా ఉంది. అక్క తనిఖీ బల్ల దగ్గర నిలబడి ఉంది. ముందు ట్యూబ్‌లైట్ల వరస, దాని మీదుగా తెల్లటి గుడ్డ జారుతోంది. అక్క ఆ వెలుగులోకి నేరుగా చూస్తోంది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఇరవై దాకా రెప్ప పడలేదు.

"ఏమిరా, వచ్చినావు?" అంది, చూపు తిప్పకుండానే.

"కండ్లు నొప్పి పుట్టవా అక్కా?"

"లైటును చూస్తే కదా? నేను గుడ్డను చూస్తాను. పుండు మీద వేసేది ఇది. దారం ఊడితే లోపల చిక్కుకుంటాది."

రోజుకు ఎనిమిది గంటలు ఇదే చూపు. ఎవరి పుండు మీద పడుతుందో కూడా తెలియని గుడ్డ కోసం. నా లెన్సు చూపును మెచ్చుకుంటూ ఊరంతా తిరిగిన నాకు, ఇంట్లోనే ఉన్న ఈ చూపు ఇన్నేళ్ళూ కనబడలేదు.

భోజనాల వేళ సూపర్‌వైజరును బతిమాలి పనికిరాదని పక్కన పడేసిన గాజు గుడ్డ రెండు గజాలు తీసుకున్నాను. వెనక గదిలో రెండు స్టాండ్ల మధ్య దాన్ని తెరలా కట్టి, వెనకాల ఫ్లాష్ పెట్టాను. ఫ్లాష్‌లో ఉండే చిన్న దీపం వెలిగిస్తే గుడ్డ మొత్తం తెల్లగా నిండింది. అంచు పక్కన కెమెరాతో కూర్చున్నాను.

"అక్కా, దీన్ని ఊరికే తోసేసినారు. ఒక్క పోగు కూడా తప్పలేదు," అన్నాను.

"నీకేం తెలుసు?" అంటూ వచ్చి గుడ్డకు ఎదురుగా నిలబడింది. చూపు పైనుంచి కిందికి దిగింది, పక్కకు జరిగింది, ఒకచోట ఆగింది. "ఇదో, ఇక్కడ రెండు పోగులు పోయినాయి. కండ్లు లేవా నీకు?"

టక్కుమంది కెమెరా. గుడ్డ మొత్తం ఒక్కసారి మెరిసి మళ్ళీ మామూలైంది.

"సరి, తీసేది ఉంటే బిరీన తియ్యి. బెల్లు కొడతారు."

"తీసేసినా అక్కా."

వెనక స్క్రీను చూపించాను. మెత్తటి వెలుగులో అక్క ముఖం, పక్కకు చూస్తున్న పెద్ద నల్లటి కళ్ళు, ఒక్కో కంటిపాపలో చిన్న కిటికీలా తెల్లటి గుడ్డ. అక్క చాలాసేపు చూసింది. బెల్లు కొట్టగానే బల్ల దగ్గరికి పోయింది. ఎంత లెన్సు పెట్టినా చివరికి పని చేసింది అక్క గాజే.

పెళ్ళి ముందురోజు పొద్దున ఫ్లెక్స్ కట్టారు. చూడాలని అక్కా నేనూ వీధి మొగకు వెళ్ళాం. అంతలో టౌన్ బస్సు ఆగింది, సత్రపట్టి పెద్దాయన దిగాడు. ఈసారి చేతిలో దండ లేదు, పెళ్ళికూతురికి చీర ఉంది. ఆయన ఫ్లెక్స్ ముందు నిలబడిపోయాడు.

"మంచి పని చేసినారమ్మా, మీ అమ్మ పడం వేసినారు," అన్నాడు. "మా చెల్లెలు అచ్చం ఇట్టానే చూస్తుండేది. ఇంత బాగా ఎప్పుడు తీసినారు దీన్ని?"

అది అమ్మ కాదని చెప్పబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది.

"సోమవారం తీసినాడు మామా, తమ్ముడు," అంది రెప్ప వేయకుండా ఫ్లెక్స్ వైపే చూస్తూ.