మరియరాణి ఆంటీ ఆచారం

మరియరాణి ఆంటీ ఎవర్ని చూసినా ముందు కింది కనురెప్ప లాగి చూసేది. పేరు తర్వాత అడిగేది.

లోపల ఎర్రగా ఉంటే వదిలేసేది. పాలిపోయి ఉంటే రక్తం తక్కువని తేల్చి గోంగూర పెట్టేది. గుంటూరులో నర్సుగా ఉన్నప్పుడు అబ్బిన అలవాటు సిడ్నీ వచ్చినా పోలేదు. పోస్ట్‌మ్యాన్ రెప్ప చూసింది. ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతున్న పాస్టరుగారి రెప్ప కూడా చూసింది. సిడ్నీ శివారు గిరావీన్‌లో ఆమె ఇంట్లో గది కోసం నేను తలుపు తట్టినప్పుడు, నా రెప్ప లాగి, "సున్నంలా ఉంది. రా, అన్నం తిను" అంది. మూడేళ్ళు తిన్నాను.

1991లో ఆమె పనిచేసే ఆరోగ్య కేంద్రానికి ఒక సంగతి తెలిసింది. న్యూటౌన్‌లో ఒక కాఫీ దుకాణం మేడ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం పదిమంది కలుస్తున్నారు. తాము నిజమైన వాంపైర్లమని వాళ్ళ నమ్మకం. ఇష్టపడి ఇచ్చేవాళ్ళ రక్తం కొంచెం తాగుతారు. ఎయిడ్స్ భయం ముదిరిన రోజులు. కేంద్రం కరపత్రాలు పంపింది. రక్తపరీక్షకు ఒక్కరూ రాలేదు.

"కాగితం పంపితే ఎవరొస్తార్రా? మనిషి వెళ్ళాలి. కారు తియ్" అంది ఆంటీ. మెడలో శిలువ, ఒళ్ళో గోంగూర పచ్చడి సీసా.

"ఆంటీ, వాళ్ళకి వెల్లుల్లి పడదంటారు."

"ఏం, గ్యాసా?"

"కాదు. శిలువ కూడా పడదంట."

"అట్టనా? ఏ చర్చి వాళ్ళు?"

మేడ మీద తెరలన్నీ వేసి ఉన్నాయి. అందరివీ నల్లబట్టలు. ఆరడుగుల మార్క్ ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. ఆంటీ అతని చలువ కళ్ళద్దాలు తీసి రెప్ప లాగింది. "గుడ్. నెక్స్ట్." వరసగా పదిమందీ అయ్యేసరికి ఆమె బొటనవేలు కాటుకతో నల్లబడింది.

నేను మెట్లెటున్నాయో చూసుకున్నాను.

మార్క్ గంభీరంగా ముందుకొచ్చాడు. వంగి, ఆంటీ కింది రెప్పను ఎంతో మర్యాదగా లాగి చూశాడు. తర్వాత మిగతావాళ్ళు వరస కట్టారు. మన దేశంలో నమస్కారం అదేననుకున్నారు. నా దగ్గరికీ వచ్చారు. నేనూ చూపించాను.

ఆంటీ తిరిగి జాక్లిన్ అనే సన్నటి అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"పేపర్‌లా ఉన్నావమ్మా. ఎవరికిస్తున్నావ్?"

మార్క్ చెయ్యెత్తాడు. "ఎవ్రీ సండే, ఆంటీ."

"నీ కన్ను దానిమ్మగింజలా ఉంది. ఈ పిల్లకే రక్తం లేదు. త్రీ మంత్స్ హాలిడే."

"అది లేకపోతే నాకు నీరసమొస్తుంది."

"వస్తే ఫోన్ చెయ్. నువ్వు వాంపైరువి కాదని నేనన్నానా? ఆగమన్నా."

జాక్లిన్ అప్పటికే రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందట. అయినా పరీక్షకు రానంది. "లాస్ట్ టైమ్ డాక్టర్ నవ్వాడు. ఇంకో ఇద్దర్ని పిలిచి నన్ను చూపించాడు."

ఆంటీ బలవంతం చేయలేదు. మళ్ళీ ఆదివారం వెళ్ళింది. ఆ పై ఆదివారమూ వెళ్ళింది. ప్రతిసారీ అటూ ఇటూ రెప్పలు. పచ్చడిలో వెల్లుల్లి రెబ్బల కోసం వాంపైర్లు పోటీపడేవారు. అయిదో ఆదివారం జాక్లిన్, "రేపు వస్తా. నువ్వుండాలి" అంది.

వచ్చింది. కేంద్రంలో డాక్టరు పెద్దాయన, కొత్తగా చేరాడు. కరచాలనానికి చెయ్యి చాచాడు. భయంలో జాక్లిన్ తనకు అలవాటైన పలకరింపే పలకరించింది. వేలు కంటిదాకా వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. పెదవుల మీద నవ్వు మొదలవుతోంది. జాక్లిన్ తలుపు వైపు తిరిగింది.

"డాక్టర్, ఇట్ ఈజ్ అవర్ కస్టమ్" అంది ఆంటీ, బైబిలు వాక్యం చదివే గొంతుతో.

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తల వంచాడు. జాక్లిన్ శ్రద్ధగా చూసింది.

"మీరూ పాలిపోయారు, డాక్టర్."

"నాకూ అనుమానంగానే ఉంది" అని ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఇద్దరం చేయించుకుందామా?"

జాక్లిన్ కూడా చెయ్యి మడిచింది. ఆ నెలలోనే మిగతా తొమ్మిదిమందీ వచ్చారు.

జాక్లిన్ పరీక్ష చేయించుకున్న సాయంత్రం కారులో అడిగాను. "ఇది మన ఆచారం ఎప్పట్నుంచి ఆంటీ?"

"అయిదు ఆదివారాల్నుంచి."

"అది పలకరింపు కాదని మొదట్రోజే చెప్పొచ్చుగా?"

"చెప్తే మానేస్తారు. వాళ్ళని ముట్టుకోడానికే జనం జంకుతున్నార్రా. రక్తం సంగతి సరే, కన్ను చూడాలంటే మనిషి దగ్గరికెళ్ళాలి గదా. అందుకే చూస్తా." మెడలో శిలువ సర్దుకుంది. "పైగా నా కన్ను చూసినోళ్ళు వాళ్ళేరా."

కారు పక్కకి ఆపాను. మూడేళ్ళు అన్నం తిన్న చేత్తో ఆమె రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉంది.

"బానే ఉందా?"

"బ్రహ్మాండం, ఆంటీ."

"అయితే కారు పోనియ్. అన్నం చల్లారిపోద్ది."