దుబాయ్ పోలేని నెమలీక

మా ఆయన దుబాయ్ పోయాక ఇది మూడో దీపావళి. ఏం పంపమంటావని అడిగితే ఎప్పుడూ "ఏమొద్దు" అనే మనిషి, ఈసారి ఒక కోరిక కోరాడు. చిన్నప్పుడు ఆదిలాబాద్ జిల్లా బోథ్ హాస్టల్లో ఉన్నప్పుడు, పండక్కి దగ్గర్లోని గోండు గూడేనికి గుస్సాడీ ఆట చూడటానికి వార్డెన్ కన్నుగప్పి పోయేవాడట. ఆ ఆటగాళ్లు తలకు పెట్టుకునే నెమలీకల కిరీటాలంటే ఆయనకు ప్రాణం. "గా ఈక ఒక్కటి పంపు, రూంల పెట్టుకుంట" అన్నాడు. పక్కింటి అన్న ఆదివారం దుబాయ్ విమానం ఎక్కుతున్నాడు, ఆయన చేతికిస్తే సరి. ఈక ఒక సాకే అనుకోండి, మా ఆయన తిరిగిన చోట్లు చూడాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది.

కరీంనగర్‌లో పొద్దున ఐదింటికి ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చార్జీ లేదు, మగవాళ్లు మూడు వందల దాకా ఉంచుకోండి. జగిత్యాల, నిర్మల్ దాటి నేరడిగొండ దగ్గర దిగేసరికి పదిన్నరయింది. దారి పొడుగునా పత్తి ఏరుతున్నారు. బోథ్‌కు షేర్ ఆటోలున్నాయి కానీ గూడెం దాకా కావాలంటే మాట్లాడుకోవాల్సిందే. "దండారీకా అక్కా? జల్ది ఎక్కు, ఆట షురూ అయి ఉంటది" అన్నాడు డ్రైవర్. గుస్సాడీలు ఆడే ఈ పండగనే దండారీ అంటారు. రానూపోనూ నాలుగు వందలకు ఒప్పుకున్నాడు.

డోలు చప్పుడు దూరం నుంచే వినిపించింది. ఒంటికి బూడిద పూసుకుని, తలమీద అంత బరువు మోస్తూ కూడా వాళ్లు ఎంత తేలిగ్గా ఆడుతున్నారో! గుంపులో పిల్లలు కనిపిస్తే, వాళ్లలో మా ఆయన ఎక్కడ నిలబడేవాడో అని వెతికాను. పిచ్చి కాకపోతే ఏమిటి! అక్కడి ఆడవాళ్లు జొన్నరొట్టె, పప్పు పెట్టారు. కిరీటాలు కట్టే జంగు తాతను ఒక ఈక అడిగాను.

"కిరీటంల నుంచి తియ్యం బిడ్డా, గది దేవుడు. ఆడుతుంటే రాలిందైతే పట్కపో" అని నేలమీదున్నది తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు.

తిరుగు బస్సులో పక్క సీట్లో ఖాకీ బట్టల అమ్మాయి కూర్చుంది. అటవీశాఖలో బీట్ ఆఫీసరట. ఒళ్లో ఈకను చూసి అడిగింది. "ఎవరికక్కా?"

"మా ఆయనకు, దుబాయ్ పంపుతున్న."

"అయ్యో, ఇంట్ల పెట్టుకో, ఎవ్వరేమనరు. దేశం మాత్రం దాటనియ్యరు. పట్కపోయెటాయన ఎయిర్‌పోర్టుల పరేషాన్ అయితడు."

"ఇది రాలింది చెల్లె, పీకింది కాదు."

"నిజమే. కానీ ఒక్కటైతే రాలిందా పీకిందా అని చూస్తరు, మూటలొస్తె ఎట్ల చూస్తరు? బయటి దేశాల రేటు పలికిందంటే గీ అడవిల నెమలి మిగలదు."

కాదనలేకపోయాను. కోపం మాత్రం వచ్చింది, ఎవరిమీదో తెలియదు. చేతికందిన కూడు నోటికందలేదన్నట్టయింది.

ఇల్లు చేరి వీడియో కాల్ చేసి ఈకను చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. సంగతి చెప్పాక మెల్లగా "గట్లనా" అన్నాడు. ఆ ఒక్కమాటకే నాకు ఏడుపొచ్చింది.

"ఈకను పోనియ్యొద్దని చట్టముంది. నిన్ను రానియ్యొద్దని ఏ చట్టముంది?" అనేశాను.

ఆయన ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత, "ఈకను జర గట్లనే పట్టుకో, చూస్త" అన్నాడు.

నెమళ్లు బతకాలంటే ఆ నియమం ఉండాల్సిందే, నాకు అర్థమయింది. అర్థమయినంత మాత్రాన బెంగ తీరదు కదా. ఈక ఇప్పుడు మా అద్దం పక్కనుంది. రోజూ ఫోన్‌లో ముందు దాన్నే చూపించమంటాడు, ఆ తర్వాతే నన్ను చూస్తాడు. దండారీకి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: రాలిన ఈకను ఇంట్లో దాచుకోండి, విమానమెక్కే వాళ్ల పెట్టెలో మాత్రం పెట్టకండి. అవతలి మనిషి కావాలని అడిగితే, ఇంటికొచ్చి చూస్కొమ్మనండి. నేనూ అదే చెప్పాను.