తన తప్పును తానే రాసిన సర్వేయరు

నా తోటి సర్వేయరు చనిపోయాడన్న కబురు పోయిన నెలలో ఒక సోమవారం ఉదయం అందింది. కడప నుంచి మొదటి బస్సులో వచ్చిన బంట్రోతు మా ఆఫీసు మెట్లు ఎక్కకుండానే చెప్పాడు: "సార్, మన కొలతలాయప్ప పోయినాడు. మూడు దినాల జొరం సార్, అంతే." అయ్యో అన్నాను. కానీ లోపల మొదట మెదిలిన మాట వేరు. ఇక మీదట జనం నన్నే పిలవక తప్పదు అనుకున్నాను. అలా తోచినందుకు సిగ్గుపడుతూనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాము. పటం గీయడంలో నా చెయ్యే మేలు. లెక్క తేల్చడంలోనూ నేనే చురుకు. అయినా కమలాపురం వైపు రైతులు నన్ను చూడగానే "ఆయప్ప ఎప్పుడొస్తాడు సార్?" అని అడిగేవారు. రెండు నెలలైనా ఆగుతామనేవారు. మా చేనికి గట్టు తగాదా వచ్చినప్పుడు మా నాయన కూడా నన్ను కాదని ఆయన్నే పిలవమన్నాడు. నేను అలిగితే కొలతలాయప్పే సర్దిచెప్పాడు: "మీ నాయన చేను నువ్వు కొలిస్తే, సరిగ్గా కొలిచినా ఎవురు నమ్ముతారప్పా?" న్యాయమైన మాట. అందుకే ఇంకా మండింది.

ఆఫీసు వెనక బండ మీద సరిగ్గా ఒక కొలత గొలుసు పొడవు, అంటే అరవై ఆరడుగుల దూరంలో రెండు గీతలు చెక్కి ఉంటాయి. చేనికి బయలుదేరే ముందు ఆయన తన గొలుసును ఆ గీతల మధ్య పరిచి చూసుకునేవాడు. వాడగా వాడగా గొలుసు కడియాలు సాగుతాయి. "గొలుసు అబద్ధం చెప్పదంటారు. మనం అడక్కపోతే శానా చెప్తాదప్పా" అనేవాడు. కొలత పూర్తయ్యేదాకా ఏ పక్షం వారింట్లోనూ మజ్జిగ ముట్టేవాడు కాదు. రాయి నాటాక రెండిళ్ళకూ వెళ్ళి తాగేవాడు. నిజానికి రెండు చోట్లా తాగలేక ఆయాసపడేవాడు కూడా.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో స్థలాల కొలతలతో మాకెవరికీ తీరిక లేదు. కల్లూరులో నేను నెల రోజులు వాడిన గొలుసును, తన గొలుసు మరమ్మతులో ఉండగా కమలాపురం బయలుదేరిన ఆయనకు బస్సు దగ్గర అందించాను.

"పరీక్ష చేసినావా?" అని అడిగాడు.

"నిన్ననే చూసినా" అన్నాను. చూడలేదు. బస్సు కదులుతోంది. ఆయన నన్ను నమ్మాడు.

కమలాపురం దగ్గర ఒక పెద్ద రైతుకూ ఒక చిన్న రైతుకూ గట్టు మీది చింతచెట్టు కోసం తగువు. ఆయన కొలిచి నాటిన రాయితో చెట్టు పెద్ద రైతుకు దక్కింది. తిరిగొచ్చి గీతల మీద పరిస్తే గొలుసు బెత్తెడు సాగి ఉంది. పది గొలుసుల దూరానికి అది రెండు మూడడుగుల తేడా. మర్నాడే మళ్ళీ బయలుదేరాడు. ఏం చేస్తాడో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

సరైన గొలుసుతో మళ్ళీ కొలిచి, ఊరందరి ముందూ రాయి పెకలించబోతే పెద్ద రైతు అడ్డం నిలిచాడు. "నువ్వే నాటితివి, నువ్వే పీకుతాండావా? నలుగుర్లో నీ మర్యాద ఏమైతాది?"

"నాటిన చెయ్యే పీకల్లప్పా. నా మర్యాద కోసరం ఆ చిన్నాయప్ప చెట్టు పోగొట్టుకుంటాడా?"

తిరుగు ప్రయాణంలో నేను గొంతు తగ్గించి అడిగాను: "పైవాళ్ళకు రాసే కాగితంలో నా పేరు రాస్తావా?"

"చూసినానంటివి, నమ్మితిని. పరీక్షించకుండా వాడింది నేను. అదే రాస్తా. కల్లూరులో ఆ గొలుసుతో నువ్వు నాటిన రాళ్ళ సంగతి మాత్రం నువ్వే చెప్పుకోల్ల. నేను చెప్తే చాడీ అయితాది, నువ్వు చెప్తే దిద్దుబాటు అయితాది."

అన్నట్టే రాశాడు. ఆ ఏడు ఆయనకు రావలసిన ఇన్‌స్పెక్టరు పదవి ఆగిపోయి నాకు వచ్చింది. నేను గెలిచాననుకున్నాను. కానీ తప్పు ఒప్పుకున్న సర్వేయరని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళు అంతకు ముందుకన్నా ఎక్కువగా ఆయన్నే అడగసాగాయి. పై పదవిలో కూర్చుని ఆ అర్జీల మీద సంతకాలు చేసి పంపింది నేనే. ఎప్పుడు కలిసినా "కల్లూరికి పోయినావా?" అని మాత్రం అడిగేవాడు. "పోతాలే" అనేవాణ్ణి. ఆ అడగడంలో కోపం ఉండేది కాదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

అంత్యక్రియలకు వెళ్ళాను. చింతచెట్టు పోగొట్టుకున్న పెద్ద రైతు అంతకు ముందే వచ్చి ఉన్నాడు. పాడె లేచేటప్పుడు ఎవరో వారించినా వినకుండా ముందువైపు భుజం పెట్టాడు. నేను పదవిలో ఉండగా నా నిర్ణయం వల్ల నష్టపోయిన వాడెవడైనా నన్నిలా మోస్తాడా అనుకుంటూ నిలబడ్డాను. అంత అసూయ బతికున్న వాడి మీద కూడా ఎన్నడూ పడలేదు.

ఆ వారంలోనే కల్లూరు తప్పు ఒప్పుకుంటూ పైవారికి ఉత్తరం రాశాను. ఏం చర్య తీసుకుంటారో ఇంకా తెలియదు. తర్వాత కల్లూరు వెళ్ళాను. నా రాయి వల్ల నేల పోగొట్టుకున్న పెద్దావిడ శనక్కాయ చేలో కలుపు తీస్తోంది. గట్టు అవతల, ఆ నేల దక్కిన రైతు ఎద్దులను విప్పుతున్నాడు. రాయి నాటిన నాటి నుంచి వాళ్ళకు మాటల్లేవు.

"అమ్మా, నేను నాటిన రాయి తప్పు. మళ్ళీ కొలవడానికి వచ్చినా" అన్నాను.

"ఆ పొద్దే చెప్తి గదప్పా, నువ్విన్యావా?" అంది లేవకుండానే. తర్వాత కొంచెం ఆలోచించి, "కమలాపురంలో తన రాయి తానే పీకినాడంట గదా, ఆయప్పను పిలుచుకోని రా. ఆయప్ప కొలిస్తే ఈడెవురూ మాట్లాడం" అంది.

"ఆయన చచ్చిపోయినాడమ్మా."

ఆమె కొడవలి కింద పెట్టింది. గట్టు వైపు తిరిగి, అవతలి రైతును పిలిచింది: "ఏమప్పా, ఇన్యావా? ఆ కొలతలాయప్ప లేడంట." అతను ఎద్దుల పగ్గాలు వదిలేసి వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం వాళ్ళిద్దరూ గట్టుకు అటొకరూ ఇటొకరూ తల వంచుకుని నిలబడ్డారు. మధ్యలో గొలుసు పట్టుకుని నేనున్నాను. నా వైపు ఎవరూ చూడలేదు.