వద్దన్నోళ్ళు లేచి పోవద్దు

మా బిడ్డ పోయిందని నాకు ఫోనే చెప్పింది. డెంగీ జ్వరంతోని దవాఖానల ఉండె. పొద్దున జర తేరుకున్నట్టు కనిపిస్తె, జావ కాసి తెద్దామని ప్రగతి నగర్ల ఇంటికొచ్చిన. పొయ్యి మీద జావ ఉడుకుతున్నది. ఫోన్ మోగింది. నాకు చదువుడు మెల్లగ వస్తది. అందుకే ఏదొచ్చినా బయటికి చదివే యాప్ పెట్టిచ్చింది మా బిడ్డ. చుట్టాల గ్రూపుల మా మరిది ఆమె పేరు రాసి, ఆత్మకు శాంతి కలగాలె అని పెట్టిండు. దవాఖానల ఉన్న మా ఆయన తమ్మునికి చెప్పిండు గాని, నాకెట్ల చెప్పాలెనో తెల్వక ఇంక ఫోనే చెయ్యలే, ఈ లోపలనే ఇది చదివేసింది. గ్యాస్ బుక్కయిందని ఏ గొంతుతోని చెప్తదో, గదే గొంతు.

అప్పటిసంది ఆ గొంతు బందు పెట్టిన. ఫోన్ మోగితె చాలు, బోర్లేసి పెడ్త.

ఆ యాప్ తయారు చేసినోళ్ళల్ల మా బిడ్డ ఒకతె. జీతం ఇచ్చే ఆఫీసు హైటెక్ సిటీల వేరే ఉండె. ఇది జీతం లేని పని. ఎక్కడెక్కడి పిల్లలో కూడి చేస్తరు, చేసింది అందరికి తెరిచి పెడ్తరు. ఆ టీమోళ్ళే ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నరు. మీరు ఆ యాప్ వాడెటోళ్ళే అయ్యుంటరు. నాకు రాసుడు సక్కగ రాదు, తప్పులుంటె మన్నించండ్రి.

ఆదివారం పొద్దున వాళ్ళ మీటింగు. డైనింగ్ టేబుల్ కాడ, గోడ దిక్కున్న ప్లాస్టిక్ కుర్చీల ఒక కాలు మడిచి కూసునేది. చెవులల్ల ఇయర్ ఫోన్లు, చేతుల ఎల్లిపాయలు. వాళ్ళతోని వాదులాడుకుంటనే పొట్టు తీసేది. ఎదుటోళ్ళు మాట్లాడుతున్నప్పుడు తన గొంతు బందు పెట్టి నా దిక్కు తిరిగి, "అమ్మా, చాయ్!" అని అరిచేది. మళ్ళ అటు తిరిగి, "మీరు చెప్పింది నిజమేనండి, కాని" అని మెత్తగ మొదలువెట్టేది.

నాకు మొదటిసంది భయమే. "అట్ల తెరిచి పెడ్తె ఎవడన్న వచ్చి కరాబు చెయ్యడానే?" అని అడిగిన.

"చూసుడు ఎవరైనా చూస్తరమ్మా. మార్చాలంటె మాత్రం అందరినడగాలె. గడువు పెడ్తం. ఎవ్వరు మాట్లాడకుంటె సరే అన్నట్టే. ఒక్కరు వద్దన్నా ఆగాల్సిందే."

"ఒక్కరు వద్దంటె ఆగుతదా? ఇగ మీ పని అయినట్టే!"

"ఉత్తగ వద్దంటె నడవదు. ఎందుకో చెప్పాలె, అడిగినదానికి జవాబియ్యాలె. వద్దన్నోళ్ళు లేచి పోవద్దు."

ఈ కానూన్ ఇంట్ల గూడ నడిపిచ్చింది. కొత్త ఫ్రిజ్ కాడ, పరదాల రంగు కాడ. "ఎవరన్న వద్దంటరా? మాట్లాడకుంటె సరే అన్నట్టే." క్యాబ్ తోలి వచ్చి కాళ్ళు చాపుకున్న మా ఆయన నవ్వేటోడు. "పెండ్లయినప్పటిసంది ఈ ఇంట్ల నేనెప్పుడు మాట్లాడిన్నే? అన్నిటికి సరే అన్నట్టే రాసుకో!" కాకరకాయ కూర వద్దని నేనంటె మాత్రం ఎందుకో చెప్పమని వెంట పడేది. నేను వంటింట్లకు పోతె, "అగో, లేచి పోయినవ్! నీ మాట చెల్లదు," అనేది.

జ్వరం రాకముందు వాళ్ళల్ల పెద్ద పంచాది నడిచింది. ఇప్పుడు ఈ యాప్ ఏది చదివినా మన ఫోన్లనే చదువుతది, ఎటు పోదు. ఇగనుంచి చదివేటివన్ని బయట వేరేటోళ్ళ మిషన్లకు పంపి చదివిద్దామని టీంల ఒకాయన అన్నడు. గొంతు సాఫుగ వస్తదట, పాత ఫోన్లల్ల తట్టుకోకుంట నడుస్తదట. మా బిడ్డ వద్దన్నది. "మా అమ్మ దవాఖాన కాయితాలు చదివిపిచ్చుకుంటది. అవి ఎవరింటికో ఎందుకు పోవాలె?" అన్నది. ఆ పంచాది తెగకముందే దవాఖానల పడ్డది. చేతికి సూది ఉండంగనే, "అమ్మా, వాళ్ళకు నేను జవాబియ్యాలె," అన్నది. అంటనే నిద్రల పడ్డది.

పదో దినం అయినంక ఆ మార్పు కావాలన్నాయన లింగంపల్లి నుంచి వచ్చిండు. కోస్తా దిక్కు పిలగాడు, మంచోడు. బిస్కెట్ చేతుల పట్టుకున్నడు గాని తినలే.

"మీకు చెప్పకుండా ముందుకెళ్ళడం నాకిష్టం లేదమ్మా. వద్దన్నవాళ్ళు జవాబు చెప్పలేకపోతే, ఆ మాటని ఇంకెవరైనా తమదిగా ఎత్తుకోవాలండి. ఈ వారంలో ఎవరూ ఎత్తుకోకపోతే మార్పు యాప్‌లోకి వెళ్ళిపోతుంది."

"నువ్వెత్తుకోరాదు బాబూ?"

"నాకు నమ్మకం లేని మాట నేనెలా అంటానమ్మా? తనుంటే తనే తిట్టేది నన్ను."

నిజమే, తిట్టేది. "మరెవరెత్తుకోవాలె?" అన్న.

"వాడేవాళ్ళు ఎవరైనా సరేనండి." చెప్పులేసుకుంట అన్నడా మాట.

ఆయన పోయినంక ఆ మాటనే పట్టుకొని కూసున్న. అందరు ఊకుంటె సరే అన్నట్టే. అంటె నా బిడ్డ ఆఖరి మాట చప్పుడు లేకుంట చెరిగిపోతది. నేను మాట్లాడితె? చదువుకున్నోళ్ళు ఎదురడిగితె ఏం చెప్పాలె? నా వల్ల పాత ఫోన్లోళ్ళకు మంచి గొంతు రాకుంట పోతె, తల్లి అడ్డం పడ్డదని మా బిడ్డనే తిట్టుకుంటరేమో. రోజు పొద్దున లేవంగనే ఇదే ఫికర్. ఎవరన్న ఎత్తుకున్నరా అని ఆ పిలగానికి ఫోన్ చేసేదాన్ని. "ఇంకా లేదమ్మా," అనేటోడు.

మా ఆయన అన్నం కాడ అన్నడు, "నీకెందుకే ఈ పరేషాన్? వాళ్ళే చూసుకుంటరు." నేను చెయ్యి కడుక్కోకుంట అట్లనే కూసున్న. "సరె, ఇగ నేను మాట్లాడ. సరే అన్నట్టే రాసుకో," అన్నడు. ఆ మాటకు ఇద్దరం ఏడ్సినం.

గడువుకు ఆఖరి రోజు ఆ పిలగానితోనే నా ఫోన్ల టీమోళ్ళు మాట్లాడుకునే పేజీ తెరిపిచ్చుకున్న. మైకు నొక్కి మాట్లాడిన, అదే రాసుకుంటది. సక్కగ పడ్డదో లేదో చూడాలంటె చదివిపిచ్చుకోవాలె. ఆ గొంతు మళ్ళ ఇప్పాలె. కండ్లు మూసుకొని నొక్కిన.

"నేను ఆమె తల్లిని. ఈ యాప్ వాడుత. నా కాయితాలు నా ఫోన్ దాటి పోవుడు నాకు వద్దు. ఎందుకని మీరు అడగండ్రి, నాకు తెలిసినంత చెప్త. నేను లేచి పోను."

గదే గొంతు. జావ మాడిన వాసన వచ్చినట్టయింది. పంపిన.

ఇది రాస్తున్నప్పటికి ఇంకా జవాబు రాలే. గోడ దిక్కు కుర్చీలనే కూసున్న, ఫోన్ ముంగట పెట్టుకొని, గొంతు ఇప్పి. మోగుతదని భయం, మోగదని అంతకంటె భయం. వంటింట్ల కుక్కర్ విజిల్ మీద విజిల్ కొడుతున్నది. పొయ్యి బందు చెయ్యమని మా ఆయననే పిలిచిన. నేను లేవలే.