వెనక నుంచి పిలిచిన తల్లి

కొండను గుద్దుకొని శిక్షణ విమానం కూలితే, తప్పు తల్లిదెలా అవుతుంది? మీరే చెప్పండి.

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో బస్సెక్కితే నా పక్కన కూర్చున్న ముసలామె తెలుగావిడ. సైన్యంలో విమానం నడపడం నేర్చుకుంటున్న కొడుకు అలా పోయాడట.

“పయనమైనోణ్ణి ఎనకనించి పిలిస్తిని నాయనా, తిన్నావా అని. దానికే సచ్చినాడని కోడలు నాతో మాట్లాడదు.”

“అంత ఎత్తున ఎగిరే విమానానికి నీ పిలుపు వినబడిందా అమ్మా?”

“సదివినోడివి, అట్లే అంటావు. పిలవకుంటే వాడుండునే!”

విరుదునగర్‌లో దిగి నడుస్తున్నాను. ఎవరో చొక్కా లాగారు. బస్సులో మరిచిన నా సంచి పట్టుకొని, రొప్పుతూ ఆమె. నన్ను పిలవలేదు, పరుగెత్తుకొచ్చింది.

అలాంటి తల్లి మీ వీధిలోనూ ఉండవచ్చు. శకునం మాట ఎత్తినవాడి నోరు అక్కడే మూయించండి. విమానం ఎందుకు కూలిందో దర్యాప్తు నివేదిక బయటపెట్టమని ఆమె పక్కన నిలబడి అడగండి.