గొంగడిలో ఐసుగడ్డ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. నా నోట్లోకి చీమ పోతే ఏనుగై బయటికొస్తుంది. మీరే కాస్త తగ్గించి చదువుకోండి.

మొన్న వనపర్తిలో మా అక్క ఇంటికి పోతే, వానకు తడిసిన పాత గొంగడి దండెం మీద ఆరుతోంది. తడి గొర్రెబొచ్చు వాసన ముక్కుకు తగిలిందో లేదో, నలభై ఏండ్లు వెనక్కి, మా గట్టు ఊళ్లో పోయి పడ్డాను.

గట్టులో ఎండాకాలమంటే మాటలా? మధ్యాహ్నానికి కాకులు వేపచెట్టు నీడ కోసం వరుస కట్టి నిలబడేవి. బండ మీద మామిడి ముక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు పరిచేలోపు మొదటివి ఒరుగులైపోయేవి. మా అవ్వ ముంతెడు జొన్న అంబలి పోసి, ఉల్లిగడ్డ చితగ్గొట్టి చేతిలో పెడితే, తాగిన అంబలి కడుపు చేరకుండా దారిలోనే ఆవిరైపోయిందా అనిపించేది. అంత ఎండలోనూ అవ్వ, మా తాత నేసిన నల్ల గొంగడి నెత్తి మీదుగా కప్పుకునే చేనికి పోయేది. మాకు నవ్వొచ్చేది. చలికాలం వెచ్చగా ఉంచేది ఎండాకాలం చల్లగా ఎట్లా ఉంచుతుంది?

ఆ ఏడు అక్కకు జ్వరం పట్టుకుంది. నుదుటి మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు, అంత జ్వరం. మూడో రోజుకు మమ్మల్ని గుర్తుపట్టడం మానేసి గోడతో మాట్లాడసాగింది. నెత్తిన ఐసు పెట్టాలని డాక్టరు చెబితే, నాయిన అవ్వ గొంగడి పట్టుకుని సైకిల్ మీద గద్వాలకు పోయి, మేకపిల్లంత ఐసుగడ్డను దాంట్లో చుట్టుకుని మిట్టమధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఆయన చెమటకు ఆ దారి పొడుగునా గడ్డి మొలిచిందని చెప్పుకుంటారు.

“డాక్టర్ను తోల్కొస్త. అందాక మూట ఎవ్వరు ఇప్పొద్దు,” అని మళ్లీ సైకిలెక్కాడు.

నాయిన అటు పోగానే, గొంగడి ఉడుక్కి ఐసు ఎక్కడ కరిగిపోతుందోనని అవ్వ మూట విప్పేసింది. గడ్డను సత్తుపళ్లెంలో పెట్టి, గాలి తగిలితే చల్లగా ఉంటుందని వాకిట్లో పెట్టింది. డాక్టరు దొరక్క నాయిన ఒక్కడే వచ్చేసరికి పళ్లెం నిండా నీళ్లు, మధ్యలో కోడిగుడ్డంత ఐసు.

“ఎవరు ఇప్పింరు?” నాయిన గొంతుకు వేపచెట్టు మీది కాకులన్నీ గద్వాల దాకా లేచిపోయాయి.

“నేనేరా. గొంగడి ఉడుకుంటదని ఇప్పిన.”

“నీకేమన్న తెలివుందా అవ్వా? పోరి పానం మీదికొచ్చింది!”

అవ్వ పోయి అక్క పక్కన కూచుంది. ఆ చల్లటి నీళ్లలో కొంగు ముంచి, అక్క నుదుటి మీద వేసి, కొంగు కాగితే పిండి మళ్లీ ముంచింది. పొద్దుగూకేసరికి నీళ్లు వెచ్చబడ్డాయి, అక్క చల్లబడింది. కండ్లు తెరిచి నన్ను “దున్నపోతా” అంది. గుర్తుపట్టినట్టే.

ఆ అక్కే ఇప్పుడు పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతుంది. ఈ ముచ్చట నేను వెయ్యోసారి చెబుతుంటే చాయ గ్లాసు కింద పెట్టింది.

“లోపల అణువులు ఊకె కదులుతుంటయి చూడు, అది ఉష్ణశక్తి. ఐసులో గూడ ఉంటది. ఎక్కువ ఉడుకున్న కాన్నుంచి తక్కువున్న కాడికి పోయేదాన్నే వేడంటం. పోతున్నంతసేపే దానికి ఆ పేరు. గొంగడికి సొంతంగ వేడి లేదురా, పోయేదానికి, వచ్చేదానికి అడ్డం నిలబడ్తదంతే.”

నేను తలూపాను. ఆమె ఇంకా నా వైపే చూస్తోంది.

“ఎండల గొంగడి కప్పుకొని తిరిగే అవ్వకు గీ ముచ్చట తెల్వదా? ఆమె ఎందుకు ఇప్పుతది?”

నా చాయ చల్లారింది. ఇప్పుడు గట్టులో మా వాడ నిండా ఫ్రిజ్‌లే, ఐసు కోసం ఎవరూ సైకిలెక్కరు. గొంగడి నేసే మగ్గం ఒక్కటీ లేదు. అవ్వ లేదు, నాయినా లేడు. ఇంక ఎవరికి భయపడాలి?

కాకులు, గడ్డి, మేకపిల్ల, అవి పెంచి చెప్పినవి మాత్రమే. కల్పించింది ఒక్కటే: మూట విప్పింది అవ్వ కాదు, నేను. అక్కకు ఐసు మిగలాలనే విప్పాను. ఆ కల్పన కూడా నాది కాదు. నాయిన చెయ్యి నా మీదికి లేవకముందే అవ్వ అల్లేసింది. నలభై ఏండ్లుగా నేను కప్పుకుని తిరుగుతున్నాను.

నేను చెప్పింది విని అక్క లేచింది. దండెం మీది తడి గొంగడి తీసి నా భుజాల మీద పడేసింది. నాలుగు గొర్రెలంత బరువుంది. ఇది కోత కాదు.