సీలు విప్పని సినిమా

దెయ్యం కనిపించిందంటూ వచ్చే వార్తలను దినపత్రికలో చాలా ఏళ్లు దిద్దాను. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇప్పటికీ దెయ్యం అనే మాట వాడను. జరిగింది మాత్రం చెబుతాను.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా స్నేహితుడు ప్రసాద్ ఆదివారం మధ్యాహ్నాలు తన ఇంట్లో పాత విదేశీ సినిమాలు వేస్తాడు. మా ఆవిడ సుధకు ఆ ఆదివారాలంటే ప్రాణం. నా జోకులకు పెదవి కదపని మనిషి, అతని జోకులకు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుంది. అది చూస్తే నాకు కడుపు మండేది.

ఆ రోజు వేసింది క్రొయేషియా సినిమా. పేరున్న నవల ఆధారంగా తీసిన నలుపు తెలుపు హత్య కథ. ప్రసాద్ ఆఫీసులో పనిచేసే ఆ దేశస్థుడు సొంతూరు నుంచి డిస్క్ తెచ్చిచ్చాడు. దాని సీలు నేనే కారు తాళంచెవితో చింపాను. అక్కడి డిస్కులు ఇక్కడి ప్లేయర్లలో ఆడవట. అందుకని ప్రసాద్ అవి ఆడే కొత్త ప్లేయర్ తెప్పించి, మా ముందే పెట్టె విప్పాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రం ఎంత తిప్పలు పడ్డా రాలేదు.

సుధ అతని పక్కన సోఫాలో కూర్చుంది. నేను వెనక డైనింగ్ కుర్చీలో.

కాసేపటికి సుధ గొంతు వినిపించింది. మెల్లగా, తెలుగులో.

"చంపింది మొగుడే. ఆమె మీద అనుమానం. ఇప్పుడు పడవలో ఆమె చెప్పు కోసం వెతుకుతాడు."

తెర మీద ఒకడు పడవలోకి దిగి వెతికాడు.

"వదినా, ముందే చూసేసిన్రా ఏంది? సస్పెన్సంతా పాయె!" ప్రసాద్ నవ్వాడు. "అన్నా, వదినకి క్రొయేషియన్ ఎప్పుడు నేర్పించినవ్?"

నేను నవ్వలేదు. చూసింది, ఇతనితోనే, నేను లేనప్పుడు అనుకున్నాను. చింపిన ప్లాస్టిక్ నా చొక్కా జేబులోనే ఉంది. అయినా అలాగే అనుకున్నాను.

చివరిదాకా ఆమె జరగబోయేదీ, పాత్రల మాటలూ చెబుతూనే ఉంది. ఒక్కటీ తప్పలేదు.

కార్లో అడిగాను, "ఎవరితో చూశావు?"

"చూడ్డమా? పప్పన్నం తిని కూర్చోగానే కునుకు పట్టేసింది. లైట్లు వేస్తేనే మెలకువ వచ్చింది. ఇంతకీ హంతకుడు ఎవరండీ?"

అబద్ధం చెప్పేటప్పుడు సుధ చెవిపోగు తిప్పుతుంది. ఆ రోజు చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

తర్వాత ఆ క్రొయేషియా ఆయన్ను అడిగాను. నవల ఇంగ్లీషులోకి రాలేదన్నాడు. సుధ మాటలు గుర్తున్నంతవరకు చెబితే, సంభాషణలు అవేనన్నాడు.

ఆమె ప్రసాద్‌తో కలిసి ముందే చూసి ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తుంటుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఇది అర్థం కావడం లేదు.